కారులోకి నీళ్లొస్తున్నాయా? ముందు కాగితం పుట్టించండి

ఈసారి సెలవులకి హైదరాబాద్ రాగానే, నిజాంపేటలో మా పక్క ఫ్లాట్ పెద్దాయన ఒక సందేహంతో వచ్చి కూర్చున్నారు. ఆయన కొడుకు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. కొత్త కారు కొన్నాడు. గట్టి వాన పడితే చాలు, పక్క సీటు దగ్గర కార్పెట్ తడిసి ముద్దవుతోంది. డీలర్ దగ్గర పెట్టడం, వాళ్లు ఆరబెట్టి ఇవ్వడం, మళ్లీ వాన, మళ్లీ అదే కథ. "ఇక్కడైతే నలుగురం వెళ్లి షోరూం ముందు కూర్చునేవాళ్లం బాబూ. అక్కడ కేసంటే వీసాకి ఏమన్నా అవుతుందేమోనని వాడికి ఒకటే టెన్షన్" అన్నారు.

వీసాకి ఏమీ కాదు. ఇది వినియోగదారుడికీ కారు కంపెనీకీ మధ్య సివిల్ తగాదా. హెచ్-1బీ వాళ్లయినా, చదువుకోవడానికి వచ్చిన పిల్లలయినా నిశ్చింతగా ఫిర్యాదు చేసుకోవచ్చు.

కొత్త కారులో పెద్ద లోపం ఉండి, వారంటీలో ఎన్నిసార్లు బాగుచేసినా పోకపోతే, కంపెనీ కారు మార్చివ్వాలి లేదా డబ్బు వెనక్కివ్వాలి. అమెరికాలో దీన్నే లెమన్ లా అంటారు. లీజు కార్లకీ చాలా రాష్ట్రాల్లో ఇది వర్తిస్తుంది. లెక్క మాత్రం రాష్ట్రానికో రకం. టెక్సస్‌లో మామూలుగా మొదటి 24 నెలలు లేదా 24,000 మైళ్ల లోపు ఒకే సమస్యకి నాలుగుసార్లు రిపేరుకి ఇచ్చి ఉండాలి. కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, బాగుచేసే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత రాష్ట్ర మోటారు వాహనాల శాఖకి 35 డాలర్లు కట్టి ఫిర్యాదు వేయొచ్చు. వారంటీ, 24 నెలలు, 24,000 మైళ్లు: వీటిలో ఏది ముందు ముగిస్తే అప్పటి నుంచి ఆరు నెలలే గడువు. న్యూజెర్సీలో మూడు రిపేర్లు, లేదా మొత్తం 20 రోజులు కారు షెడ్డులో ఉండటం చాలు. అయితే చివరి అవకాశం ఇస్తున్నామని కంపెనీకి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపాలి. కన్సల్టెన్సీ ప్రాజెక్టుల కోసం ఊళ్లు మారే మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: మామూలుగా కారు కొన్న రాష్ట్రం చట్టమే పనిచేస్తుంది.

చట్టం సంగతి అంతే. మనవాళ్లు దెబ్బతినేది అక్కడ కాదు, సర్వీస్ కౌంటర్ దగ్గర. సర్వీస్ అడ్వైజర్ నవ్వుతూ మాట్లాడతాడు, "కీ ఇచ్చి వెళ్లు, ఒకసారి చూస్తా" అంటాడు. సాయంత్రానికి కార్పెట్ పొడిగా ఉంటుంది, థాంక్స్ చెప్పి వచ్చేస్తాం. రిపేర్ ఆర్డర్, అంటే కారు ఎందుకు తెచ్చారో, ఏం చేశారో డీలర్ రాసే కాగితం, తెరవలేదంటే ఆ రిపేరు జరగనట్టే లెక్క. డబ్బులు తీసుకోకపోయినా సరే, ప్రతిసారీ ఆ కాగితం అడిగి తీసుకోండి. అందులో కారు ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, మైళ్ల రీడింగు ఉండాలి. ఫిర్యాదు వరుసలో ప్రతిసారీ ఒకే మాట రాయించండి: "వాన పడితే ముందు కుడివైపు కాళ్ల దగ్గర నీళ్లు చేరుతున్నాయి." ఒకసారి "వాసన వస్తోంది", ఇంకోసారి "కార్పెట్ తడి" అని రాయిస్తే, అవి వేర్వేరు సమస్యలని కంపెనీ లాయరు వాదిస్తాడు. "సమస్య కనిపించలేదు" అని రాసిచ్చినా తీసుకోండి, అదీ లెక్కలోకి వస్తుందని అడగొచ్చు. మీ ఎదురుగా పైపుతో నీళ్లు కొట్టి పరీక్ష చేయమనండి.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మీరూ కాస్త గమనించండి. ఎండరోజున ఏసీ వేసినప్పుడే తడిస్తే, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. తియ్యటి వాసన వస్తే అది వాననీరు కాదు, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్. వానకే వస్తుంటే సన్‌రూఫ్ మూలల్లోంచి కిందికి దిగే గొట్టాలు, అద్దం కింద ఆకులు చేరే చోటు, తలుపుల లోపలి ప్లాస్టిక్ పొర, వెనక లైట్ల రబ్బర్లు చూడాలి. ఆకులు అడ్డుపడ్డాయంటే అది మీ మెయింటెనెన్స్ తప్పని డీలర్ తోసేస్తాడు. గొట్టాలు శుభ్రం చేశాక కూడా కారితే ఆ మాట చెల్లదు. అందుకే శుభ్రం చేసినట్టు కూడా కాగితం మీదే ఉండాలి.

"నీళ్లే కదా, పెద్ద లోపం ఎలా అవుతుంది?" అంటారు. కార్పెట్ కింద వైర్లు, కనెక్టర్లు ఉంటాయి. కొన్ని కార్లలో కంట్రోల్ బాక్సులు కూడా సీటు కిందే. అవి తడిసి తుప్పు పడితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, కారు స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది. బూజు సంగతి సరేసరి. ఇవన్నీ ఫొటోలు, వీడియోలు తీసి ఉంచండి.

ఆలస్యం చేస్తే డబ్బు కూడా పోతుంది. కాలిఫోర్నియాలో రిఫండ్ నుంచి వాడకం కింద కొంత కోస్తారు. ఆ సమస్యతో మొదటిసారి డీలర్ దగ్గరికి వెళ్లేనాటికి తిరిగిన మైళ్లని 1,20,000తో భాగించి, కారు ధరతో హెచ్చిస్తారు. 36,000 డాలర్ల కారుని 4,000 మైళ్ల దగ్గర తీసుకెళ్తే కోత 1,200 డాలర్లు. "చూద్దాంలే" అనుకుని 16,000 దాకా లాగితే 4,800.

కోపంలో లోన్ కట్టడం మానొద్దు. క్రెడిట్ స్కోరు పడిపోతుంది, కేసుకి ఒరిగేదేమీ లేదు. డీలర్ చిన్న చెక్కు ఇచ్చి సంతకం పెట్టమంటే, అందులో మిగతా హక్కులు వదులుకుంటున్నట్టు ఉందేమో చదవండి. లాయరు ఫీజుకి భయపడక్కర్లేదు. కాలిఫోర్నియా చట్టంలో మీరు గెలిస్తే ఫీజు కంపెనీయే ఇవ్వాలి. 1975 నాటి అమెరికా ఫెడరల్ వారంటీ చట్టం, మాగ్నసన్-మాస్ కింద గెలిచినా కోర్టు అలా ఇప్పించొచ్చు. లెమన్ లా గడువు దాటినవాళ్లకి ఈ రెండోదే ఆసరా.

సెకండ్‌హ్యాండ్ కారయితే బలం తక్కువ. కిటికీకి అతికించిన బయ్యర్స్ గైడ్‌లో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టు) అని ఉంటే డీలర్ వారంటీ ఏమీ లేనట్టే. కంపెనీ వారంటీ మిగిలి ఉన్నంత మాత్రాన పాత కారు కొత్త కారు కిందికి రాదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తేల్చింది. ఇక వాట్సాప్ గ్రూపుల్లో "చెప్పకుండా అమ్మేయ్, ఎవడో కొత్తోడు కొంటాడు" అనే సలహాకి నా దగ్గర జవాబు లేదు. ఆ కొత్తోడు కూడా మన మియాపూర్ కుర్రాడే అయ్యుంటాడు.

ఇక్కడ అమ్మానాన్నలకి కారు కొనిపెట్టిన వాళ్లకీ ఒక మాట. మన దేశంలో ప్రత్యేకంగా లెమన్ లా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. కొనుగోలుదారు నివసించే చోటే వేయొచ్చు, అంటే హైదరాబాద్‌లో ఉన్న నాన్న ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. 10 నుంచి 20 లక్షల కారుకి ఫీజు 400 రూపాయలు. గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడొచ్చు. చిక్కల్లా తయారీ లోపమని నిరూపించాల్సింది మనమే కావడం. నిపుణుల పరీక్ష చేయించమని కమిషన్‌ని అడగండి. రోడ్డు మీద వరద నీళ్లు ఎక్కితే అది లోపం కాదు, ఇన్సూరెన్స్ సంగతి. ఆ రెండూ కలిపి రాస్తే కంపెనీకి మీరే దారి చూపించినట్టు. బిల్లు నాన్న పేరున ఉంటే ఫిర్యాదు కూడా ఆయన పేరునే వేయించండి, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డులన్నీ ఒక ఫైల్లో పెట్టించి.