శ్రీశైలానికి అంత ప్రత్యేకత ఎందుకు?

ద్వాదశ జ్యోతిర్లింగాల్లో ఒకటైన మల్లికార్జునుడు, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన భ్రమరాంబ ఒకే ఆలయ ప్రాంగణంలో కొలువై ఉండటమే కారణం. శివుడు జ్యోతిగా వెలిసిన చోటు జ్యోతిర్లింగమని, సతీదేవి శరీర భాగం పడిన చోటు శక్తిపీఠమని భక్తుల నమ్మకం. ఒక్క కొండ ఎక్కితే రెండు యాత్రల ఫలమన్నమాట. (2022 దాకా ఇది కర్నూలు జిల్లాలోదే, ఇప్పుడు నంద్యాల.)

కర్నూలు నుంచి తుంగభద్ర దాటగానే వచ్చే అలంపురం చూడండి. జోగులాంబది శక్తిపీఠమే, పక్కనే చాళుక్యుల నాటి శివాలయాలూ ఉన్నాయి. కానీ జ్యోతిర్లింగం లేదు.

దేశంలో రెండూ ఉన్నది శ్రీశైలం ఒక్కటేనని చాలామంది గట్టిగా చెబుతారు. అది పొరపాటు. ఉజ్జయిని మహాకాళేశ్వరుడు జ్యోతిర్లింగమే, అక్కడి మహాకాళి పేరూ ఆ పద్దెనిమిదిలో ఉంది.