చెన్నైలో రెండు రోజులు: ఏ వేళకి ఎక్కడ?

ప్రశ్న: శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి. పట్టుచీరలు కొనడానికి మా అత్తగారితో, ఇంటర్ చదివే అబ్బాయితో చెన్నై వస్తున్నాం. రెండు రోజులు టి.నగర్‌లో ఉంటాం. అత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. వాడికేమో మాంసం లేనిదే ముద్ద దిగదు. ఎక్కడ తినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, నేను నెల్లూరు ఆడపడుచుని, పెళ్లయి మైలాపూర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. చెన్నైలో హోటల్ పేరు కన్నా వేళ ముఖ్యం. ఏ పూటకి ఆ వంట. వేళ దాటాక ఎంత పేరున్న చోటికి వెళ్లినా లాభం లేదు.

మొదటి రోజు పొద్దున్నే మైలాపూర్‌లో కపాలీశ్వరుడి దర్శనం చేసుకుని, అరుండేల్ వీధిలోని రాయర్ మెస్‌కి వెళ్లండి. ఇరుకు చోటు, బయట కాసేపు నిలబడక తప్పదు. ఇడ్లీ, పొంగల్, వడ, వాటితో నీళ్లు కలపని గట్టి చట్నీ. ఆ చట్నీ కారం మన నోటికి సరిగ్గా సరిపోతుంది. పదింటికల్లా అంతా అయిపోతుంది, ఆలస్యం చేయకండి. అత్తగారికి మాత్రం సాంబారు వద్దని ముందే చెప్పండి, తమిళ సాంబారులో చిన్న ఉల్లిపాయలు మామూలే. ఎక్కడికి వెళ్లినా ‘వెంగాయం ఇరుక్కా?’ అని అడిగితే ఉల్లి ఉందో లేదో చెప్తారు.

మధ్యాహ్నం టి.నగర్‌లో ఏదైనా రద్దీగా ఉన్న శాకాహార హోటల్లో మీల్స్ తినండి. ఆడి మాసం (తమిళుల ఆషాఢం) డిస్కౌంట్ల జనంలో తిరగాలంటే కడుపు నిండా తినాల్సిందే. పచ్చడి కోసం చూడకండి. వత్తకుళంబు వడ్డిస్తే మాత్రం వదలొద్దు. ఎండబెట్టిన ఉస్తికాయలు నువ్వులనూనెలో వేయించి చిక్కగా కాచిన పులుసు అది. ఉల్లి సంగతి మళ్లీ అడగండి.

రెండో రోజు ట్రిప్లికేన్. పార్థసారథి స్వామి గుడిలో మూలవిరాట్టుకి మీసాలుంటాయి, అత్తగారికి తప్పకుండా చూపించండి. గుడిలోనే ప్రసాదాల కౌంటర్ ఉంటుంది. పులిహోర, చక్కెరపొంగలి కొనిస్తే ఉల్లి బెంగ లేకుండా ఆవిడ కడుపు నిండుతుంది. తర్వాత మీరూ అబ్బాయీ ట్రిప్లికేన్ హైరోడ్డులోని రత్నా కేఫ్‌కి నడవండి. 1948 నుంచి ఉన్న హోటల్. ఇడ్లీ ప్లేటు ముందు పెట్టగానే ఒకాయన సాంబారు జగ్గుతో వచ్చి ఇడ్లీలు మునిగేదాకా పోస్తాడు. చెంచాతో చిదుముతుంటే ఇడ్లీ సాంబారంతా పీల్చేస్తుంది, అంతలో మళ్లీ వచ్చి పోస్తాడు. సాంబారు పల్చగా, కాస్త తియ్యగా ఉంటుంది. మన పప్పుచారుతో పోల్చకుండా తినండి, నచ్చి తీరుతుంది. పైన డబరాలో ఫిల్టర్ కాఫీ.

సాయంత్రం ఓపిక ఉంటే షావుకారుపేట. మార్వాడీలు, గుజరాతీలు తరాలుగా ఉంటున్న పేట. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో సీనా భాయ్ కొట్టు దీపాలు పెట్టాకే తెరుస్తారు. దొరికేవి ఇడ్లీ, ఊతప్పం మాత్రమే. పెనం మీద నెయ్యి ధారాళంగా పోసి, పొడి జల్లి ఇస్తారు. ఇంత నెయ్యా అని మొదట కంగారుపడతారు, రెండో ప్లేటు చెప్పకుండా మాత్రం రారు.

ఇక అబ్బాయి సంగతి. అన్నాసాలైలో 1951లో పెట్టిన బుహారీ హోటల్ ఉంది. చికెన్ 65 అక్కడే పుట్టిందని చెప్తారు. మొదటి రోజు రాత్రి వాణ్ని అక్కడికి తీసుకెళ్లండి, అత్తగారికి రూముకి పళ్లూ పాలూ తెప్పించండి. రెండో రోజు షావుకారుపేట దాకా వచ్చాక బర్మా బజారు పక్కనే. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళులు తెచ్చిన ‘అత్తో’ అనే వంటకం అక్కడి బళ్ల మీద దొరుకుతుంది. నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయలు, చింతపండు నీళ్లు వేసి చేత్తో కలిపి ఇస్తారు, పక్కన అరటిదవ్వ సూప్. క్యాబేజీ పచ్చిదే వేస్తారు, వాడికి కడుపు సున్నితమైతే వేడి సూప్ ఒక్కటే తాగించండి.