బొమ్మ మంచిదే కావచ్చు, బేరం మాత్రం మంచిది కాదు

ప్రశ్న: నల్లగొండలో ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వయసు 62. నెలకు 56 వేల పింఛను వస్తుంది. విరమణ తర్వాత రావలసిన 38 లక్షలు ఈమధ్యే చేతికందాయి. ఇంటి అప్పు ఇంకా 7 లక్షలుంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ, పేరున్న తెలంగాణ చిత్రకారుడి చిత్రాన్ని 9 లక్షలకు ఇస్తానంటోంది. దాన్ని ఒక హోటల్‌కు అద్దెకిచ్చి ఏటా 12 శాతం నాకు చెల్లిస్తారట. మూడేళ్ల తర్వాత 25 శాతం ఎక్కువిచ్చి వాళ్లే తిరిగి కొంటారట. హుసేన్ చిత్రం 118 కోట్లు పలికిందని పేపర్లో చదివినప్పటి నుంచి ఆశ పుట్టింది. ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి వద్దంటోంది కానీ, తనకు డబ్బు సంగతులు తెలియవు. ఇంకొక విషయం. సూర్యాపేట వైపు మా అన్నయ్య పొలం దున్నుతుంటే చిన్న రాతిబొమ్మ ఒకటి బయటపడింది. దానికి ధర కట్టించవచ్చా?

జవాబు: సార్, ముందు మీ అమ్మాయి గురించి. మీ ఉత్తరం మొత్తంలో సరైన మాట అన్నది ఆమె ఒక్కతే. డబ్బు సంగతులు ఆమెకు తెలియకపోవచ్చు, బొమ్మల సంగతి మాత్రం మీకన్నా నాకన్నా ఎక్కువే తెలుసు. ఎందుకు వద్దంటోందో మీరు రాయలేదు. అసలు అడిగి ఉండరని నా అనుమానం. ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి.

ఇక ఆ 118 కోట్ల కథ. 2025 మార్చిలో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో హుసేన్ చిత్రం ‘గ్రామ్ యాత్ర’ 1.375 కోట్ల డాలర్లు పలికిన మాట నిజం. అయితే ఆ చిత్రం జాతకం కూడా చూడాలి. 1954లో హుసేన్ దాన్ని గీశారు. ఆ ఏడాదే, ఢిల్లీలో వైద్యులకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన నార్వే డాక్టరు ఒకాయన కొనుక్కున్నారు. 1964లో అది ఓస్లోలోని ఆసుపత్రికి చేరింది. దశాబ్దాల పాటు అక్కడి గోడ మీదే ఉంది. 71 ఏళ్లలో ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో చెప్పడానికి తడుముకోవలసిన పని లేదు. కొన్న డాక్టరు కానీ, వేలాడదీసుకున్న ఆసుపత్రి కానీ ఏడాదికి 12 శాతం వస్తుందని లెక్కలు వేసుకోలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో శాఫ్రన్‌ఆర్ట్ వేలంలో చిత్రకారుడు గాయతోండే గీసిన చిత్రం 67 కోట్లు దాటింది. మన దేశంలో పెద్ద పేర్లకు గిరాకీ పెరిగిందనడంలో సందేహం లేదు. మరోవైపు కళా సంతలు నడిపే ఆర్ట్ బాసెల్, స్విస్ బ్యాంకు యూబీఎస్ కలిసి ఏటా వేసే లెక్క ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద కళాకృతుల అమ్మకాలు 12 శాతం తగ్గి 5,750 కోట్ల డాలర్ల దగ్గర ఆగాయి. ఈ రెండో వార్త మీ కంటపడి ఉండదు. పేపర్లోకి ఎక్కేది రికార్డు కొట్టిన బొమ్మ. కొనేవాడు లేక వేలం నుంచి ఇంటికి తిరిగొచ్చిన బొమ్మ గురించి ఎవరు రాస్తారు?

మీరు నల్లగొండ వారు కనుక బత్తాయి లెక్కలో చెబుతాను. రైతు తోట అమ్మేటప్పుడు మార్కెట్లో పలికే ధర ఒకటి, చేతికొచ్చేది మరొకటి. సూట్ పేరుతో తూకంలో కోత, ఆపైన కమీషన్, కూలి, కిరాయి. బొమ్మల వేలంలోనూ సూట్ ఉంది, కాకపోతే చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తుంది. పాట ఆగిన ధర మీద కొనుగోలుదారు నుంచి దాదాపు ఐదో వంతు రుసుము తీసుకుంటారు. పేపర్లో వచ్చే ధరలో ఆ రుసుము కలిసే ఉంటుంది. అమ్మేవాడి దగ్గర కూడా కమీషన్ తీసుకుంటారు. అది బేరాన్ని బట్టి ఉంటుంది, మన లెక్కకు పది శాతం అనుకుందాం. మీ చిత్రం మూడేళ్లకు 10 లక్షల దగ్గర పాట ఆగిందనుకోండి. పేపర్లో 12 లక్షలని పడుతుంది. మీ చేతికి 9 లక్షలు వస్తాయి. మీరు కొన్నప్పుడు 5 శాతం జీఎస్టీతో కలిపి పెట్టింది 9 లక్షల 45 వేలు. బొమ్మ ధర పెరిగిందని ఊరంతా మెచ్చుకుంటుంటే మీకు 45 వేలు నష్టం. ఇదే సొమ్ము పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేస్తే, ఇప్పుడిస్తున్న 8.2 శాతం చొప్పున మూడేళ్లలో వడ్డీయే 2 లక్షల 32 వేలు దాటుతుంది.

పన్ను గురించి ఒక మాట. ఇంట్లో పాత సోఫా అమ్మితే మూలధన లాభం లెక్క చెప్పనక్కరలేదు. చిత్రాలకు, శిల్పాలకు ఆ వెసులుబాటు లేదు. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం కట్టాలి.

‘వేలానికి వెళ్లే పనేముంది, వాళ్లే తిరిగి కొంటారు కదా’ అని మీరు అనవచ్చు. నాకు భయం అక్కడే. అద్దె 12 శాతమట, చివర్లో 25 శాతం అదనమట. ఇది చిత్రం అమ్మకం కాదు సార్, చిత్రం వేషం కట్టిన డిపాజిట్. ప్రీలాంచ్ ప్లాట్లు, తిరిగి కొంటామన్న వెంచర్లు మన జిల్లాలో చూడనివా? చిత్రం అసలు విలువ 5 లక్షలే అయితే, మూడేళ్ల అద్దె 3 లక్షల 24 వేలు మీ డబ్బులోంచి మీకే ఇవ్వవచ్చు. మూడేళ్లూ ఠంచనుగా అద్దె పడుతుంది, మీరు మరో ఇద్దరు స్నేహితులను కూడా చేర్పిస్తారు. తిరిగి కొనవలసిన రోజున ఆఫీసుకు తాళం ఉండదని ఎవరు పూచీ? హోటల్‌తో వాళ్లకున్న అద్దె ఒప్పందం ప్రతిని చూపమనండి. చూపకపోతే ఇక మాటలు అనవసరం. నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన పోయిన డబ్బు నడిచి రాదు.

పెద్దవాళ్లు నడిపిన పథకాలకే గతి తప్పింది. 2006లో ముంబయిలో ఒక కళా నిధి (మదుపరుల డబ్బుతో చిత్రాలు కొని అమ్మే పథకం) వంద కోట్లకు పైగా వసూలు చేసింది. అప్పట్లో భారతీయ చిత్రాల ధరలు ఆకాశంలో ఉండేవి. 2008 మాంద్యంలో అవి కూలాయి. 2009లో గడువు తీరేసరికి చాలామందికి సమయానికి డబ్బు అందలేదు. చివరికి 2013లో ఆ పథకాన్ని మూసి సొమ్ము వాపసు చేయమని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. నిధి దగ్గర బొమ్మలు లేక కాదు, ఉన్నాయి. ఆ రోజున వాటిని ఆ ధరకు కొనేవాళ్లు లేరు. పోస్టాఫీసు పత్రానికీ పటానికీ తేడా అదే.

ఆ చిత్రం అసలుదేనా అన్నది మరో ప్రశ్న. 2011లో కోల్‌కతాలో సాక్షాత్తు ఒక ప్రభుత్వ కళా కళాశాలలో రవీంద్రనాథ్ ఠాగూర్ చిత్రాలంటూ ప్రదర్శించిన ఇరవై బొమ్మలు నకిలీవని పురావస్తు శాఖ తేల్చింది. కళాశాలకే తప్పనిది మనకు తప్పుతుందా? మొదట ఎవరు కొన్నారు, ఏ ప్రదర్శనలో ఉంచారు, ఏ కేటలాగులో అచ్చయింది, చిత్రకారుడు కానీ కుటుంబం కానీ సంతకం చేసిన ధ్రువపత్రం ఉందా అన్నవి అడగాలి. మీ అమ్మాయి వద్దనడానికి కారణం ఇదే కావచ్చు.

మీ 38 లక్షల సంగతి తేలికే. రేపే ఇంటి అప్పు 7 లక్షలు తీర్చేయండి. 20 లక్షలు సీనియర్ సిటిజన్ పథకంలో వేయండి. మూడు నెలలకోసారి 41 వేలు వస్తాయి, పన్ను ఉంటుంది, అది వేరే సంగతి. అమ్మాయి పీజీ చదువుకు 5 లక్షలు బ్యాంకులో విడిగా ఉంచండి. మిగిలిన 6 లక్షల్లో సగం ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా పెట్టుకోండి. ఆరోగ్య కార్డు చేతిలో ఉన్నా అర్ధరాత్రి ఆసుపత్రిలో అడిగేది నగదే. తక్కిన సగం తొందరపడకుండా తర్వాత ఆలోచిద్దాం.

బొమ్మ మీద నిజంగా మనసుంటే ఆ సగంలోంచే ఓ 30 వేలు తీయండి. అమ్మాయిని వెంటబెట్టుకుని మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లండి, కొత్త చిత్రకారుల ప్రదర్శనలు చూడండి. ఆమె నచ్చిందన్న ఎచింగ్ (లోహపు పలక మీద గీసి అచ్చు తీసిన బొమ్మ) ఒకటి కొని ముందు గదిలో పెట్టుకోండి. దానికి మీరు రాబడి అడగరు, నేనూ అడగను.

ఇక రాతిబొమ్మ. దీనికి మాత్రం ఆలస్యం పనికిరాదు. మీ జిల్లా పొలాల కింద ఏముందో తేలిగ్గా తీసుకోకండి. పక్కనే ఉన్న ఫణిగిరి నుంచి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వరకు వెళ్లాయి. ఆ ప్రదర్శన పేరు ‘ట్రీ అండ్ సర్పెంట్’, క్యూరేటర్ జాన్ గై. అవి అమ్మకానికి వెళ్లలేదు, అరువుగా వెళ్లాయి. ఎక్కడ తవ్వితే దొరికాయో రాసి ఉంది కనుకనే పండితులు వాటి ముందు నిలబడి మాట్లాడగలిగారు. మీ అన్నయ్య బొమ్మను ఎవరో వ్యాపారి సంచిలో వేసుకుపోతే, అది ఏ ఊరిదో చెప్పే ఆధారం ఆ సంచిలోనే పోతుంది.

చట్టం కూడా గట్టిది. భూమిలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. చెప్పకుండా దాస్తే ఏడాది వరకు జైలు. నూరేళ్లు దాటిన శిల్పాన్ని నమోదు చేయించాలని, దేశం దాటించకూడదని 1972 చట్టం. ‘పాత వస్తువు, మా ఇంట్లోదే’ అన్నంత మాత్రాన చెల్లదు. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వాలో 1898లో దొరికిన బౌద్ధ ఆభరణాలను, తవ్వించిన ఆంగ్లేయుడి వారసులు 127 ఏళ్ల తర్వాత హాంకాంగ్‌లో వేలానికి పెడితే, భారత ప్రభుత్వం నోటీసిచ్చింది. వేలం ఆగింది, 2025 జులైలో ఆ ఆభరణాలు మన దేశానికి చేరాయి.

కాబట్టి ధర కట్టించే ప్రయత్నం చేయకండి. కడగవద్దు, పసుపు కుంకుమ పెట్టవద్దు, వాట్సాప్‌లో ఫొటోలు పంచవద్దు. దొరికిన చోట ఒక కర్ర పాతి గుర్తు పెట్టమనండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి అన్నయ్యతో కలిసి సూర్యాపేట కలెక్టరేట్‌కు వెళ్లి, సర్వే నంబరు, దొరికిన తేదీ రాసి దరఖాస్తు ఇవ్వండి. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని భద్రపరచండి.