పెన్నేరు గడ్డ: థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కాస్త ఆగండి

రాజాం చెల్లెమ్మా, మీ అమ్మగారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, పాలలో పెన్నేరు గడ్డ పొడి కలిపి ఇవ్వొచ్చా అని అడిగారు. ఇప్పుడే ఇవ్వకండి. మా అప్పకు, అంటే అక్కకు, ఏమైందో చెబుతాను.

పెన్నేరు మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే. పాలకొండలో మా మామ్మ ఎండిన వేరు దంచి, జల్లించి సీసాలో దాచేది. గ్లాసుడు పాలలో అర చెంచా పొడి, కాస్త పటికబెల్లం వేసి కాచి, పడుకునే ముందు తాతకు ఇచ్చేది. అశ్వగంధ అన్నా ఇదే. పచ్చివేరు గుర్రం వాసన వేస్తుందని ఆ పేరు. వంగ, మిరప కుటుంబంలోని మొక్క. ఆందోళన తగ్గి నిద్ర మెరుగుపడుతుందని కొన్ని చిన్న పరిశోధనల్లోనూ కనిపించింది. మూలిక మీద నాకు గౌరవమే.

అప్ప కూడా థైరాయిడ్ మాత్ర వేసుకునేదే. 3 ఏళ్ల కిందట తనకు నిద్ర పట్టడం లేదంటే విజయనగరంలో పొడి కొని ఇచ్చింది నేనే. రెండు వారాలు హాయిగా పడుకుంది. నెల దాటేసరికి గుండె దడ, చేతుల వణుకు, ఊరకే చెమటలు. వయసు వల్లేమో అనుకున్నాం. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా పడిపోయింది. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఈ టీఎస్‌హెచ్ తగ్గుతుంది. "పొడులు, కషాయాలు ఏమైనా వాడుతున్నారామ్మా?" అని డాక్టరుగారు అడిగేదాకా మాకు తట్టనే లేదు. పెన్నేరు థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదట. పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర చేసేదీ ఆ పనే కదా. పొడి మానేశాక 6 వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తే సర్దుకుంది. ఆ నెలన్నర నాకు కంటి మీద కునుకు లేదు.

గర్భిణులు దీని జోలికి పోకూడదు. నిద్రమాత్రలు, షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టకూడదు. అరుదుగా కాలేయం కూడా దెబ్బతింటుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఇప్పుడు దొరికే క్యాప్సూళ్లలో చాలావరకు గాఢమైన సారం ఉంటుంది. మామ్మ అర చెంచా లెక్క వాటికి పనికిరాదు.

ఇంకో మాట. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైనా నిద్ర పట్టదు. ముందు అమ్మగారికి టీఎస్‌హెచ్ చేయించండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పొడి ప్యాకెట్టు కూడా పట్టుకెళ్లి చూపించండి.