ఒకటిన్నరను రెండు చేస్తే

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అబ్బాయి పెరంబూరులో ప్లస్ వన్ చదువుతున్నాడు. ఒక సమ్మేళనంలో ఇనుము 11.17 గ్రాములు, ఆక్సిజన్ 4.80 గ్రాములు ఉన్నాయని, అనుభావిక ఫార్ములా (పరమాణువుల అతి చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తి) కనుక్కోమని ఇచ్చారు. వాడికి 1 : 1.5 నిష్పత్తి వచ్చింది. 1.5ను 2 చేసి, ఒక ఇనుముకు రెండు ఆక్సిజన్లని రాస్తే మార్కులు పోయాయి. తప్పెక్కడ? బాల్కనీ గ్రిల్లు మీది తుప్పు గీకి, తూచి, ఇదే లెక్క చేస్తానంటున్నాడు. కుదురుతుందా?
- ఒక తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, మీవాడు ముప్పాతిక దారి చక్కగా నడిచాడు. ఇనుము 11.17ను దాని పరమాణు భారం 55.85తో భాగిస్తే 0.2 మోల్ (మోల్ అంటే డజను లాగా, పరమాణువులను లెక్కపెట్టే కొలత). ఆక్సిజన్ 4.80ను దాని పరమాణు భారం 16తో భాగిస్తే 0.3 మోల్. రెండింటినీ చిన్నదైన 0.2తో భాగిస్తే 1, 1.5. చెయ్యి తొందరపడింది ఆ తర్వాతే. కొత్త బియ్యానికి గ్లాసుకు గ్లాసున్నర ఎసరు చాలని తెలిసి, లెక్క సులువని రెండు గ్లాసులు పోస్తారా మీరు?

వాడిని ఇలా అడగండి: ఒకటికి రెండే నిజమైతే 0.2 మోల్ ఇనుముకు 0.4 మోల్ ఆక్సిజన్, అంటే 6.40 గ్రాములు కావాలి. ఇచ్చింది 4.80. తక్కిన 1.60 గ్రాములు ఎక్కడి నుంచి తెచ్చావురా? ఇలా వచ్చిన జవాబును ఇచ్చిన తూకంతో పోల్చి చూసుకునే అలవాటు పిల్లలకు ఎవరూ చేయించరు, నాకు అదే చిరాకు.

1.5 కనిపిస్తే రెండింటినీ 2తో హెచ్చించాలి: 2, 3. అంటే రెండు ఇనుములకు మూడు ఆక్సిజన్లున్న ఫెర్రిక్ ఆక్సైడు. 1.33 వస్తే 3తో హెచ్చించాలి. సేలం దగ్గరి కంజమలైలో దొరికే మాగ్నెటైటు అనే ఇనుప ఖనిజం అదే: మూడు ఇనుములకు నాలుగు ఆక్సిజన్లు. 1.33ను 1 చేసేస్తే అది ఒక ఇనుముకు ఒక ఆక్సిజన్ ఉన్న ఫెర్రస్ ఆక్సైడు, అంటే వేరే పదార్థం అయిపోతుంది. 1.98 లాంటిది తూకంలోని చిన్న తేడా, దాన్ని 2 అనుకోవచ్చు. మధ్యలో మాత్రం దశాంశాలు కత్తిరించవద్దు.

తుప్పు సంగతి: కుదరదు. తుప్పులో నీరు కూడా కలిసి ఉంటుంది, పైగా గీకినదానిలో పాత రంగు పెచ్చులూ ఇనుమూ వస్తాయి. బడి ప్రయోగశాలలో టీచరు దగ్గరుండగా మెగ్నీషియం రిబ్బను మూసలో (క్రూసిబుల్‌లో) కాల్చి చూడమనండి. 2.43 గ్రాములు పూర్తిగా కాలితే దాదాపు 4.03 గ్రాముల ఆక్సైడు రావాలి. గాలి అందడానికి మూత అప్పుడప్పుడూ కొద్దిగా ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే తెల్లని పొగగా ఆక్సైడు ఎగిరిపోయి, ఆక్సిజన్ తక్కువ తేలుతుంది.