నాబ్ తిప్పినా వోల్టేజీ తగ్గడం లేదు

ప్రశ్న: నా 30 వోల్టుల బెంచ్ పవర్ సప్లైలో నాబ్ ఎటు తిప్పినా అవుట్‌పుట్ 40 వోల్టుల దగ్గరే నిలబడుతోంది. లోపల రెండు 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ప్లగ్ తీసి, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌ను రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయండి. ఇది మాత్రం దాటవేయకండి. నా అనుమానం ఆ ట్రాన్సిస్టర్ల మీదే. రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి బోర్డు మీదే కొలిస్తే ఏది పోయిందో తెలియదు. ఊడదీసి కలెక్టర్, ఎమిటర్ మధ్య మీటర్ పెట్టండి. సున్నా ఓమ్‌ల దగ్గర చూపిస్తే షార్టయినట్టే. నేనైతే రెండూ మారుస్తాను. వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్‌నూ చూడండి. హీట్‌సింక్‌కు బిగించేటప్పుడు మధ్యలో కరెంటు పోనివ్వని మైకా వాషర్ తప్పనిసరి, ఎందుకంటే 2ఎన్3055 లోహపు ఒళ్లే కలెక్టర్. తొలిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కు సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. లోడ్ లేకుండానే అది నిండుగా వెలుగుతూ ఉంటే వెంటనే ఆపేయండి, షార్టు ఇంకా ఉంది.