తొమ్మిది వేల టై బల్లకి అవతల నుంచి తెలుస్తుందా?

ప్రశ్న: నా వయసు 29. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ప్రైవేటు బ్యాంకు వెల్త్ మేనేజ్‌మెంట్ విభాగంలో చేస్తున్నాను. జీతం చేతికి 82 వేలు వస్తుంది. ఈమధ్యే ప్రమోషన్ వచ్చింది, పెద్ద క్లయింట్లను కలవాల్సి వస్తోంది. సీనియర్ల టైల పక్కన నా టై వెలవెలబోతున్నట్టు అనిపిస్తోంది. మాల్‌లో ఒక విదేశీ బ్రాండ్ పట్టు టై 9,000 రూపాయలుంది. మూడు తీసుకుని ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో పెడదామనుకుంటున్నాను. కార్డు మీద ఇప్పటికే 38 వేలు బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ, అంటే బ్యాంకు అడిగే కనీస మొత్తం మాత్రమే కడుతున్నాను. ఖరీదైన టై నిజంగా తేడాగా కనిపిస్తుందా? పోచంపల్లి ఇక్కత్ టై కట్టుకుంటే ఎలా ఉంటుంది? – ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: కనిపిస్తుంది. కోఠిలోనో అబిడ్స్‌లోనో మూడొందలకు కొన్న టైకీ, రెండు వేల పట్టు టైకీ ఉన్న తేడా బల్లకి అవతల కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది. రెండు వేలదానికీ తొమ్మిది వేలదానికీ తేడా తెలియాలంటే మాత్రం అవతలి మనిషి మీ టై పట్టుకుని వెనక్కి తిప్పి చూడాలి. అంత చనువున్న క్లయింటు దొరికితే ఇక టైతో పనేముంది?

మొదటి తేడా ఎందుకు కొట్టొచ్చినట్టుంటుందో చెబుతాను. చౌక పాలియెస్టర్ ట్యూబ్‌లైటు కింద ఒకే రకంగా తళతళలాడుతుంది, పట్టు మెరుపు మడత మడతకీ మారుతుంది. దానికన్నా ముఖ్యం ముడి. టై లోపల ఒక పొర ఉంటుంది. మంచివాటిలో అది ఉన్నితోనో, ఉన్ని కలిసిన గుడ్డతోనో ఉంటుంది. ముడికి నిండుదనం, దాని కింద చిన్న గుంట నిలబడటం ఆ పొర వల్లే. చౌక టైలో అది పల్చగా, అట్టముక్కలా ఉంటుంది కాబట్టి ముడి చిక్కిపోయి పక్కకి జారుతుంది. ఇక కటింగ్. బ్లౌజులు కుట్టేవాళ్లు క్రాస్ కటింగ్ అంటారే, టై గుడ్డని కూడా అలాగే ఐమూలగా కత్తిరించాలి. న్యూయార్క్ టైల తయారీదారు జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ 1920లలో ఇలా ఐమూలగా మూడు ముక్కలు కోసి కలిపే పద్ధతి తెచ్చాడు. టై సాగి మళ్లీ యథాస్థితికి రావడం దానివల్లే. గుడ్డ మిగల్చాలని వాలు తప్పించి కోస్తే టై మెలితిరుగుతుంది. కొనేటప్పుడు సన్నటి కొసని పట్టుకుని వేలాడదీయండి. తిరిగిందంటే అక్కడే వదిలేయండి.

ఈ మూడూ, అంటే పట్టు, సరైన లోపలి పొర, ఐమూల కోత, సుమారు రెండు వేల రూపాయల దగ్గరే దొరికిపోతాయి. ఆ పైన ఇచ్చేది చేతికుట్టు, బ్రాండు పేరు, మాల్ అద్దె, ఇంకా పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల్లోపు దుస్తులకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. మీ 9,000లో పన్నే 1,370 రూపాయల పైచిలుకు. మూడు టైలకు నాలుగు వేలు దాటింది, ఇంకా ముడి కూడా వేసుకోలేదు మీరు.

మీ ఆఫీసుల్లో మెడలో ఐడీ కార్డు ట్యాగ్ తీయరు. టైలో అందంగా ఉండే పై సగాన్ని ఆ నైలాన్ పట్టీ కప్పేస్తుంది. క్లయింటు ముందుకి వెళ్లేటప్పుడు దాన్ని తీసి జేబులో పెట్టుకోండి. పైసా ఖర్చు లేకుండా మీ పాత టైకే రెండింతల విలువొస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది టై కాదు, చివర్లో మామూలుగా అనేసిన మినిమమ్ డ్యూ. చాలా కార్డుల్లోలాగే మీ కార్డుకీ నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 38 వేల మీద 1,330, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు 1,570 రూపాయలు. మీరు నెలనెలా ఒక మంచి టై ఖరీదుకి దగ్గరగా వడ్డీకి పోస్తున్నారు, పెట్టెలోకి మాత్రం ఒక్కటీ రావడం లేదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీలేని గడువు వర్తించదు. ఇవాళ పెట్రోలు కొట్టించినా ఇవాళ్టి నుంచే వడ్డీ. ఇక నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా చూపిస్తారు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ సాధారణంగా మీ ఖాతాలోనే పడతాయి.

అందుకని ఇలా చేయండి. కార్డు వాడటం ఆపి, నెలకు 14 వేల చొప్పున కట్టండి. పై లెక్క ప్రకారం మూడు నెలల్లో తీరిపోతుంది. మీ జీతానికి అది బరువే, అసాధ్యం కాదు. టైల కోసం నెలకు 4,500 ఈఎంఐ కట్టడానికి ఎలాగూ సిద్ధపడ్డారు కదా, అది ఇందులో కలపండి. ఈ మూడు నెలలకు ప్లెయిన్ నేవీ బ్లూ పట్టు టై ఒక్కటి, 2,500లోపు, డెబిట్ కార్డుతో కొనుక్కోండి. బాకీ తీరాక మెరూన్ రంగుది ఇంకొకటి. పట్టేనా అని అనుమానముంటే సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. ఆ గుర్తుని నడిపే సంస్థ సెంట్రల్ సిల్క్ బోర్డు కిందే ఉంది. లేబుల్ లేకపోతే లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడొచ్చు, వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు, కరిగి ఉండ కడితే పాలియెస్టర్. షాపులో మాత్రం చేయకండి.

మిగిలిన డబ్బులో కొంచెం చొక్కాల మీద పెట్టండి. చాలామంది కుర్రాళ్లకు టై బాగుండకపోవడానికి కారణం కాలర్. మెడ దగ్గర వదులైతే ఏ బ్రాండు ముడైనా కిందికి వేలాడుతుంది. టై కొస బెల్టు బకిల్ దాకా రావాలి. ముడి విప్పేటప్పుడు సన్న కొసని బలంగా లాగొద్దు, కట్టిన దారిలోనే వెనక్కి విప్పండి. ఆఫీసు క్యాంటీన్‌లో బిర్యానీ రోజు టైని చొక్కా గుండీల మధ్యకి దోపండి. నూనె మరక పడ్డ పట్టు టైని ఉతకలేం, డ్రైక్లీనింగుకిస్తే ఇస్త్రీ కింద గుండ్రటి అంచులు అణిగి చదునైపోతాయి. తొమ్మిది వేలదానికీ అదే గతి.

ఇక్కత్ విషయం: తప్పకుండా కట్టుకోండి, అయితే రెండో మూడో మీటింగుకి. ఇక్కత్ డిజైను కంటికి గట్టిగా తగులుతుంది కాబట్టి చొక్కా తెల్లగానో లేత నీలంగానో, చారలు లేకుండా ఉండాలి. గుడ్డ మందంగా ఉంటే రెండు పక్కలా చుట్టి వేసే విండ్సర్ ముడి లావైపోతుంది, మామూలు ఒంటి ముడి చాలు. చేనేత ఎంపోరియాల్లో అడిగితే దొరుకుతాయి. అక్కడ కూడా వేలాడదీసి చూడటం మరిచిపోకండి.